అవసరమైనవి మాత్రమే

లిపువో వ్యాసంలో ఇరవై మూడు వాక్యాలున్నాయి. మాతుమెలో అనే టీచరు ఎర్రకలంతో పదమూడు కొట్టేసింది.

"అన్యాయం టీచర్!" అంటూ మొదటి గీత పడగానే లిపువో లేచి నిలబడింది.

"కూర్చో. క్లాసులో అరవకూడదని ఎన్నిసార్లు చెప్పాలి?"

లిపువో కూర్చోలేదు. పదమూడేళ్ల పిల్ల. ముందు బల్ల ఆమెది. క్లాసులో ఫస్టు ఆమే, లీడరూ ఆమే. ఏ అల్లరి జరిగినా టీచరు చూపు పడేదీ ఆమె మీదే.

గురువారం జిల్లా విద్యాధికారి వస్తున్నాడు. కొండ మీది ఈ రాతిబడిని ఉంచాలో మూసెయ్యాలో ఆ రోజు తేలిపోతుంది. టీచరు రెండేళ్లుగా విన్నపాలు రాస్తూనే ఉంది. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే ఈసారి చదువుకునే పిల్ల చేతే రాయించాలనుకుంది.

"వ్యాసంలో మొదటి వాక్యం ఏమిటి? తెలిసినవాళ్లు చెయ్యెత్తండి."

ఎప్పటిలాగే లిపువో చెయ్యి లేచింది. "మా బడి మూయకూడదు."

"అదీ నువ్వు చెప్పదలచుకున్న మాట. మిగతా వాక్యాలన్నీ దాన్ని మోయాలి. మోయనిదానికి కాగితం మీద చోటు లేదు. గోడ పక్కన పీచ్ పళ్ల చెట్టు చలి తగ్గే ఆగస్టులో పూస్తుందని రాశావు. ఆ పూలు చూసి అధికారి బడి ఉంచేస్తాడా?"

"ఎంత బావుంటాయో మీకూ తెలుసుగా టీచర్!"

"తెలుసు. బడి మూసినా అవి పూస్తాయి. కొట్టేస్తున్నా."

చెట్టు పోయింది. గాలికి పైకప్పు రేకులు చేసే మోత పోయింది. ఈ బడికి మొదటి రాయి పెట్టింది మా తాతే అన్న గొప్పా పోయింది. మధ్యాహ్నం తినే 'పాపా' అనే మొక్కజొన్నపిండి ముద్ద, దాని మీద ఆకుకూర, వాటి గురించి ఎంతో ఇష్టంగా రాసుకున్న రెండు వాక్యాలు పోయినప్పుడు మాత్రం లిపువోకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అవతలి బడికి గుర్రం మీద మూడు గంటలు పడుతుందన్నది నిలిచింది. జూలై చలికాలంలో మంచు పడితే ఆ దారి మూసుకుపోతుందన్నదీ నిలిచింది. వాగు పొంగినప్పుడు గుర్రాలే దాటలేకపోతున్నాయన్న వాక్యం కింద టీచరు గీత కూడా గీసింది.

ఎర్రకలం చివరి రెండు వాక్యాల దగ్గరికొచ్చింది. లిపువో చటుక్కున అరచెయ్యి కాగితం మీద పెట్టేసింది.

"ఇది మాత్రం తియ్యను."

"చెయ్యి తియ్యి."

"తియ్యను టీచర్. కావాలంటే నన్ను కొట్టండి."

టీచరు వేళ్ల సందుల్లోంచే చదివింది. 'మా నాన్నకి చదువు రాదు కాబట్టి కింద ఆనకట్ట కడుతున్నవాళ్లు చూపించిన కాగితం మీద వేలిముద్ర వేశాడు. అది మా పొలం వదులుకునే కాగితమని మాకు తర్వాత తెలిసింది.'

"ఇది మీ ఇంటి గొడవే తల్లీ. బడి గురించి కాదు."

"ఇదే బడి గురించి! ఆయన ఇక్కడ నాలుగేళ్లు కూర్చుని ఉంటే ఆ వేలు పెట్టేవాడా? మీరే చెప్పండి."

టీచరు కలానికి మూత పెట్టేసింది.

గురువారం పొద్దున లెఫోకా అనే ఆ అధికారి గుర్రం మీద వచ్చాడు. భుజాన కప్పుకున్న కంబళి పొగమంచుకి తడిసిపోయింది. మొహం చూస్తే తొందరగా పని ముగించుకుని దిగిపోదామన్నట్టు ఉంది. ఆయన వచ్చి టీచరు కుర్చీలో కూర్చుని, "ఊఁ, కానీ" అన్నాడు.

లిపువో గొంతు సవరించుకుని పది వాక్యాలూ చదివింది. వేలిముద్ర దగ్గరికి వచ్చేసరికి ఆయన తలెత్తాడు.

"ఎవరు రాసిచ్చారు?"

"నేనే రాశానయ్యా. టీచరు కొట్టేశారు, అంతే."

ఆయనకి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. "ఆనకట్టకి పొలాలిచ్చినవాళ్ల కోసం కట్టిన కొత్త కాలనీలో, కింద, పెద్ద బడి ఉంది. కుళాయిలున్నాయి, కరెంటుంది. మీ ఇల్లు కూడా అక్కడికి మారితే నీకేం నష్టం?"

"వెళ్లేవాళ్లు వెళ్తారు. మేం వెళ్లం."

"మీ నాన్న వేలిముద్ర వేశాడన్నావుగా?"

"ఆయన వేశాడు. మా అమ్మ వెయ్యలేదు. నేను అసలే వెయ్యను. నాకు సంతకం వచ్చు."

లెఫోకా కాగితం అందుకుని మళ్లీ మొదటినుంచీ చదివాడు. "అన్నీ రాశావు. ఒక్క వివరం మాత్రం లేదు. నేనింత కొండెక్కి వచ్చింది దానికోసమే. మర్చిపోయావా?"

టీచరు తల దించుకుంది.

"మర్చిపోలేదయ్యా. కావాలనే రాయలేదు."

"దాచిపెట్టావన్నమాట."

"దాచడానికేముంది? మీ కళ్లెదురుగానే ఉంది. అది బడి మూసెయ్యాలనేవాళ్ల మాటని మోస్తుంది. నా మాటని మోయదు. కావాలంటే మీ కాగితంలో మీరే రాసుకోండి."

"లిపువో!" అంది టీచరు. ఆ గొంతులో కోపం లేదు.

లెఫోకా తడి కంబళి విప్పి కుర్చీ వెనక వేశాడు. తొందరేమీ లేనట్టు సంచిలోంచి తనిఖీ ఫారం తీశాడు. గోడలు గట్టిగా ఉన్నాయని రాశాడు. పైకప్పు రేకు ఒకటి మార్చాలని రాశాడు. అవతలి బడికి మూడు గంటల దారి అనీ, మంచుకాలంలో ఆ దారి కూడా ఉండదనీ రాశాడు. అట్టడుగున 'బడి కొనసాగించాలి' అని రాసి, కాగితం చిరిగిపోయేంత గట్టిగా సంతకం పెట్టాడు.

ఆ తర్వాతే, ఖాళీగా వదిలేసిన 'మొత్తం విద్యార్థులు' అన్న గడిలో 'ఒక్కరు' అని నింపాడు.