ఈ ఏడాదికి ఒక్కటే పని

కొత్త సంవత్సరం పుట్టగానే ఇరాన్ దేశపు యజ్ద్‌లోని ఆ ఇంట్లో అందరూ బల్ల చుట్టూ చేరి, ఈ ఏడాది ఏం చెయ్యదలిచారో ఒకరి తర్వాత ఒకరు చెప్పాలి. ఆ అలవాటు పెట్టింది నాన్నే. ఈ నౌరోజ్‌కి నాన్న లేడు.

"నేను కారు నడపడం నేర్చుకుంటా," అంది చెల్లెలు పర్వానే.

"పోయినేడూ అదే అన్నావు. అందుకే వీధిలో గోడలు ఇంకా నిలబడి ఉన్నాయి," అంది అమ్మ.

చాలా రోజులకి ఆ ఇంట్లో చిన్న నవ్వు వినిపించింది.

"నీ సంగతేంట్రా?" అమ్మ ఫరామర్జ్ వైపు తిరిగింది.

ఏటా అతను పొట్ట తగ్గిస్తాననేవాడు, సిగరెట్లు మానేస్తాననేవాడు. పొట్టా తగ్గలేదు, సిగరెట్లూ పోలేదు.

"ఒక్కటే పని పెట్టుకున్నానమ్మా. బస్సులో నాన్న పక్కన కూర్చున్నాయన్ని వెతుకుతా."



నాన్న కెర్మాన్ నుంచి వస్తూ బస్సులోనే పోయాడు. పోయేముందు కొడుక్కి ఫోన్ చేశాడు. ఫరామర్జ్ అప్పుడు స్నేహితులతో పాచికలాడుతున్నాడు. గెలవబోయే ఆట. తర్వాత చేద్దాంలే అని ఫోన్ నోరు నొక్కేశాడు.

ఆ 'తర్వాత' మరి రాలేదు.

పక్క సీటాయన చివరిదాకా నాన్న చెయ్యి వదల్లేదని, నాన్న ఆయనతో ఏదో చెప్పాడని డ్రైవర్ అన్నాడు. ఆయనెవరో మాత్రం డ్రైవర్‌కీ తెలియదు.

నాన్న ఏం చెప్పాడు? తనను తిట్టుకుంటూ పోయాడా? తిట్టినా సరే, అదేదో తెలిస్తే చాలు. తెలియక ఫరామర్జ్‌కి తిండి సహించడం లేదు.

చావు జరిగిన ఇంటికి మొదటి పండగనాడు ముందుగా వెళ్లడం అక్కడి ఆనవాయితీ. కాసేపటికే గది నిండిపోయింది. ఖర్జూరాలు, హల్వా, టీ తిరుగుతున్నాయి.

వచ్చినవాళ్లలో ఒకాయన ఎవరికీ తెలియదు. నలిగిన కోటు, దుమ్ముకొట్టుకుపోయిన ప్యాంటు. గుమ్మం దగ్గర మొహమాటపడుతుంటే అమ్మే పిలిచి కుర్చీ చూపించి వంటింట్లోకి వెళ్లింది.

హల్వా కోసం చావు జరిగిన ఇళ్లు తిరిగే బాపతు అనుకున్నాడు ఫరామర్జ్.

"టీ తీసుకోండి."

"వద్దు బాబూ, మీకెందుకు శ్రమ."

ఆ ఊళ్లో వద్దంటే వద్దని కాదు. రెండు మూడుసార్లు బతిమాలితే గానీ మర్యాదస్తుడెవడూ కప్పు ముట్టుకోడు. ఆ సంగతి పసిపిల్లలకి కూడా తెలుసు. ఫరామర్జ్‌కి తెలియక కాదు. తెలిసే పళ్లెం పక్కాయన ముందుకి జరిపాడు.

"బాబూ, మీతో ఒక్క మాట చెప్పాలి. ఇందరిలో కాదు, కాస్త పక్కకి వస్తే..."

అంతలో సొహ్రాబీ గారు లోపలికి అడుగుపెట్టారు.

ఫరామర్జ్‌కి ప్రాణం లేచొచ్చింది. సొహ్రాబీ బస్టాండులో పెద్ద అధికారి. ఆ ప్రయాణికుడి ఆచూకీ తీస్తే ఆయనే తియ్యాలి. ఎన్నాళ్లుగానో వెంటపడితే ఇవాళ వచ్చారు.

చూస్తే, కూర్చోబెట్టడానికి కుర్చీ లేదు.

"ఏమీ అనుకోకండి, కాస్త లేస్తారా?" అన్నాడు కోటాయనతో.

"అయ్యో, దానికేముంది." ఆయన గబుక్కున లేచి, వెళ్లి చెప్పుల దగ్గర నిలబడ్డాడు.

ఫరామర్జ్ సొహ్రాబీ గారికి టీ ఇచ్చాడు. వద్దంటే బతిమాలాడు. హల్వా పెట్టాడు. వద్దంటే ఒట్టు పెట్టాడు.

"బాబూ, ఆ మాట..."

"తర్వాత మాట్లాడుకుందామండీ. చూస్తున్నారుగా, పెద్దవాళ్లు వచ్చారు."

"అయితే సెలవు తీసుకుంటా. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను."

"అప్పుడేనా? ఉండండి," అంటూనే తలుపు తీసి పట్టుకున్నాడు ఫరామర్జ్.

ఆయన గడపలో కొద్దిగా ఆగాడు. ఇంకొక్కసారి ఉండమంటే ఉండేవాడే. ఫరామర్జ్ అనలేదు.

తలుపు వేస్తుంటే మనసు చివుక్కుమంది. పండగపూట ఇంటికొచ్చిన మనిషికి గుక్కెడు టీ పోయలేదు. నాన్న ఉంటే సిగ్గుతో చచ్చిపోయేవాడు. సర్లే, ఇదంతా నాన్న కోసమేగా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

"సార్, ఆ పక్క సీటాయన గురించి..."

"మధ్యలో చెయ్యెత్తి ఎక్కినవాళ్ల పేర్లు ఎవరు రాసుకుంటారు, ఫరామర్జ్ గారూ? నేను మాటివ్వలేను," అని సొహ్రాబీ ఇంకో ఖర్జూరం తీసుకున్నారు.

అప్పుడే పక్కింటి తూబా ఖానుమ్ తలమీది చాదర్ సర్దుకుంటూ వచ్చింది.

"ఏరా, ఆ కోటాయన పని అంత తొందరగా అయిపోయిందా? మీ గుమ్మం చూపించింది నేనే."

"ఎవరత్తా ఆయన?"

"నేనూ పేరడగలేదురా. పొద్దుటినుంచి సందు సందూ తిరిగాడు పాపం. ఇప్పుడే రోడ్డు మీద ఎవరిదో లారీ ఎక్కి వెళ్లిపోయాడు. చెప్పేశారా అంటే నవ్వి ఊరుకున్నాడు."

ఫరామర్జ్ టీ పళ్లెం కింద పెట్టేశాడు.

"ఏం... ఏం చెప్పాలట?"

"నాకు చెప్పండి, నేను చెప్తాలే అన్నా ఒప్పుకోలేదురా. కెర్మాన్ బస్సులో తన భుజం మీద తల వాల్చి పోయిన పెద్దాయన అప్పగించిన మాటట, కొడుకు చెవిలో తప్ప ఇంకెక్కడా పెట్టకూడదట."