మణుగుకు ఎన్ని శేర్లు

"తెల్వది సార్," అన్నాడు ఇమామ్.

భద్రయ్య సార్ తలెత్తి చూశాడు. మణుగుకు ఎన్ని శేర్లో ఇమామ్‌కు తెలియకపోవడమా? క్లాసులో అందరికంటే ముందు చెయ్యెత్తేది వాడే.

"ఏందిరా, నిద్రల ఉన్నవా? మల్ల ఆలోచించు."

"నిజంగనే తెల్వది సార్."

తెలుసు. కానీ ఆ పూట తెలియకూడదని ఇమామ్ ఇంటి దగ్గరే నిర్ణయించుకుని వచ్చాడు.

ఆ చిలకలగూడ బడిలో పద్ధతి ఒకటే. సార్ ఒకే ప్రశ్న వరసగా ఒక్కొక్కరినీ అడుగుతూ పోతాడు. జవాబు చెప్పినవాడు, చెప్పలేనివాళ్లందరి ముక్కు పట్టుకుని చెంప మీద ఒక్కటి వెయ్యాలి. ఒకే దెబ్బతో ఒకడికి బహుమానం, ఇంకొకడికి శిక్ష. సార్ చేతికి శ్రమ లేని బేరం. అందులో లాభమంతా ఇన్నాళ్లూ ఇమామ్‌దే. వాడి చెయ్యి పడని చెంప లేదు.

పోలీస్ యాక్షన్ అయి బడి మళ్లీ తెరిచినప్పటి నుంచి వాడితో ఎవరూ ఆడటం లేదు. చిర్రగోనె ఆడేచోటికి వెళ్తే ఆట ఆగిపోతుంది. పక్కన కూర్చుంటే మాటలు ఆగిపోతాయి. నిన్న జంగయ్య వాడి చేతిలో గుప్పెడు పుట్నాలు పోసి, మొహం చూడకుండా పరుగెత్తాడు. దెబ్బ మెల్లగా వెయ్యమని లంచం కాబోలు అనుకున్నాడు ఇమామ్.

ఇంట్లోనూ మాట కరువే. తోళ్ల బేరానికి బీదర్ వెళ్లిన తండ్రి, గొడవలు సద్దుమణిగి దారులు తెరిస్తే వస్తాడని తల్లి హజీరా అంటుంది. అని, గోడ వైపు తిరిగి పడుకుంటుంది. ఆయన వచ్చేదాకా మాట్లాడేందుకు ఒక్క దోస్తయినా ఉండాలి. దానికి ఇమామ్ వేసుకున్న లెక్క చాలా సులువు. వేసిన దెబ్బలు తిరిగి తినేస్తే సరి.

"జంగయ్యా, నువ్వు చెప్పు."

ఇమామ్ చెంప సిద్ధం చేసుకున్నాడు. జంగయ్య తండ్రికి రాంగోపాల్‌పేటలో కిరాణా దుకాణం. వాడు తక్కెడ పక్కనే పెరిగాడు.

జంగయ్య ఇమామ్ వైపు ఒకసారి చూసి, "నాకు సుత తెల్వది సార్," అన్నాడు.

"మీ నాయిన విన్నడంటే దుకాణం బంద్ పెడ్తడు గదరా! జకర్యా, నువ్వు?"

"యాదికొస్తలేదు సార్."

వరస వరసంతా అదే మాట. కొట్టడానికైనా తనను ముట్టుకోవడం ఎవరికీ ఇష్టం లేదు.

"అందరు మాట్లాడుకొని వచ్చిన్రా?" సార్ బెత్తం తీశాడు. "చేతులు చాపుండ్రి!"

చివర కూర్చున్న సువార్త అందరిలోకీ చిన్నది. బెత్తం చూడగానే, "నలభై సార్! నలభై శేర్లు!" అని అరిచేసింది.

"శభాష్! ఇంత పిల్ల చెప్పింది, మీకు శరం లేదు. వెయ్యి బిడ్డా, ఒక్కొక్కనికి. జెర గట్టిగ!"

సువార్త మునివేళ్ల మీద నిలబడి వరసగా వేసుకుంటూ వచ్చింది. జకర్యా కావాలని కుయ్యోమన్నాడు. అందరూ నవ్వారు. జంగయ్యకు గట్టిగానే పడింది. ఇమామ్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయి, చేతులు వెనక్కి పెట్టుకుంది.

ఇమామ్ ఆమెకు అందేలా వంగాడు. "కొట్టు, నేనేమనుకోను. కొట్టినంక నన్ను ఆటకు పిలుస్తరా?"

సువార్త జంగయ్య వైపు చూసింది.

"ఏం మాట్లాడకు, సువార్తా!" అన్నాడు జంగయ్య గుసగుసగా.

"కొడ్తవా, నీకు సుత బెత్తం కావాల్నా?" అన్నాడు సార్.

ఆ పిల్లకు ఏడుపు వచ్చేసింది.

"నాయిన సచ్చిపోయిన పిల్లగాన్ని కొట్టొద్దని మా అమ్మ చెప్పింది సార్."