తెలియకుండా ఆదా

నిస్సీ మోచేత్తో చెమట తుడుచుకుంటూ భర్త చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఎడ్వర్డ్ అద్దం ముందు నిలబడి, ఇవాళ ఆఫీసులో తన కరెంటు ఆదా యాప్ గురించి చెప్పాల్సిన మాటలు వల్లె వేస్తున్నాడు.

"మా యాప్ ఎవరినీ సతాయించదు. ఏసీ చల్లదనాన్ని రోజుకి కాస్త చొప్పున తనే తగ్గిస్తుంది. గోడమీద ఏసీ చూపించే అంకె మాత్రం మారదు. ఇంట్లోవాళ్లకి తెలియనే తెలియదు!"

"తెలియదని మీకెలా తెలుసండీ?"

"మనింట్లో ఎండలు మొదలైనప్పట్నుంచీ నడుస్తోందిగా! నీకేమైనా తెలిసిందా?"

నిస్సీ చెయ్యి ఆగిపోయింది. అప్పట్నుంచే ఆమెకు ఒళ్లంతా ఆవిర్లు. ఆసుపత్రిలో డాక్టరు రక్తపరీక్షలు చేయించి ఏ జబ్బూ లేదన్నా నమ్మలేదు. అమ్మని మింగిన రోగమే తనకీ వచ్చిందని హడలిపోయి, శుక్రవారం చర్చి కూటంలో లేచి ఏడుస్తూ ప్రార్థన చేయమని అడిగింది.

"మీ గదిలో కూడా తగ్గించారా?"

"నా గదిలో ఎందుకు? నేను బుర్రతో పనిచేసేవాణ్ణి."

"మరి కూటంలో నా తలమీద చెయ్యి పెట్టి, అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నారే?"

"ముందే చెబితే ఇక పరీక్షేముంది, పిచ్చిదానా? 'వాడినవాళ్ల నుంచి ఒక్క ఫిర్యాదూ లేదు' అని రాశాను. అది నీ గురించే!"

"ఫిర్యాదు చేశానండీ. మీక్కాదు, దేవుడికి."

ఎడ్వర్డ్ పగలబడి నవ్వాడు. "భలే అన్నావ్! ఈ ముక్కతోనే మొదలెడతా" అంటూ ఫోన్‌లో రాసుకోసాగాడు.

నిస్సీ ఇస్త్రీపెట్టె స్విచ్ ఆపింది. చెప్పులు తొడుక్కుని, తలుపు తీసుకుని మండుటెండలోకి వెళ్లిపోయింది.