నసగాళ్ళంతా అల్లుడికే

"మనిషికి చెప్పినట్టు చెప్పు నాన్నా, చాలు. అదే అర్థం చేసుకుంటుంది," అంది చిన్న కూతురు, కంప్యూటర్ని మావయ్య వైపు తిప్పుతూ.

మావయ్యది ఇళ్ళకి లిఫ్టులు అమ్మే వ్యాపారం. ఆఫీసులో అందరూ ఆయన్ని మావయ్య అనే పిలుస్తారు గానీ, ఆ పిలుపు మీద అసలు హక్కు అల్లుడొక్కడిదే. ఆ హక్కు వల్ల అతనికి ఇంతవరకూ ఒరిగిందేమీ లేదు.

లిఫ్టు కావాలంటూ రోజూ బోలెడుమంది ఫోన్లు చేస్తారు, మెసేజీలు పెడతారు. ఎవరిని ఎవరికి అప్పగించాలో ఇకమీదట ఏఐ చూసుకుంటుంది. మావయ్య గొంతు సవరించుకుని రూల్సు చెప్పాడు.

"డబ్బున్నవాళ్ళు, తొందరలో ఉన్నవాళ్ళు మా అబ్బాయికి. బేరాలాడేవాళ్ళు నాకు. కొననివాళ్ళు, కబుర్లకొచ్చేవాళ్ళు, నస పెట్టేవాళ్ళు, అందరూ అల్లుడికి."

"అదేంటి మావయ్యగారూ?" అన్నాడు అల్లుడు.

"వాళ్ళతో వేగగలిగేది నువ్వొక్కడివేనయ్యా. అయినా సరే, ఈ నెలాఖరులోగా ఒక్కటంటే ఒక్క లిఫ్టు అమ్మాలి. లేకపోతే గోడౌన్‌కి పంపించేస్తా. అక్కడ తాళ్ళకి గ్రీజు రాసుకోవచ్చు. తాళ్ళు నస పెట్టవు."

ఈ నెల ఎలాగైనా అమ్మి తీరతానని అల్లుడు భార్యకి మాటిచ్చి ఉన్నాడు. వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు.

"అనుమానముంటే పరీక్ష చేసుకో నాన్నా," అని చిన్న కూతురు కూడా లేచింది.

ఏఐ చెప్పింది చెప్పినట్టు చేసింది. ఒకావిడ లిఫ్టులో ఇరుక్కుపోయి ఫోన్ చేస్తే, తొందరలో ఉందని మావయ్య కొడుక్కి, అంటే అల్లుడి బావమరిదికి పంపింది. అతను ఆవిడ లోపలుండగానే కొత్త లిఫ్టు అంటగట్టేశాడు. అల్లుడికి మాత్రం మేడ లేనివాళ్ళు, లిఫ్టంటే భయపడేవాళ్ళు, "మా నాన్నని అడిగి చెప్తా" అనే అరవయ్యేళ్ళవాళ్ళు వచ్చిపడ్డారు.

ఓ మధ్యాహ్నం ఒక బామ్మగారు మెసేజీ పెట్టారు.

'మూడంతస్తుల మేడ. డబ్బుకి కొదవ లేదు. రేపటికల్లా లిఫ్టు కావాలి. అసలు మీ లిఫ్టు మధ్యలో ఆగిపోతే ఎవరిది పూచీ? తాడు తెగితే? మా రోజుల్లో ఇనుమంటే ఇలా ఉండేదా? ఇప్పటివాళ్ళకి పని చెయ్యడం రాదు, చేయించుకోవడమూ రాదు...' అలా తెర నిండిపోయింది.

ఏఐ ఆ బేరాన్ని అల్లుడికి పంపింది.

"డబ్బుంది, తొందరుంది. నాకు రావాలి కదా!" అని బావమరిది లేచాడు.

మావయ్య కూడా గదిలోంచి ఊడిపడ్డాడు. "దీనికసలు బుర్రుందా?"

"నీ రూలే నాన్నా. నస పెట్టేవాళ్ళు బావకి అన్నావు," అంది చిన్న కూతురు.

"ఆవిడ నసెక్కడ పెట్టింది? ఉన్నమాట అడిగింది!"

మావయ్య మొహం కందగడ్డలా అయింది. గదిలోకెళ్ళి తలుపు ధడాల్న వేసుకున్నాడు.

అల్లుడికి నస కొత్త కాదు. ప్రతిదానికీ 'నిజమే బామ్మగారూ' అంటూ ఓపిగ్గా జవాబిచ్చాడు. బామ్మగారు రోజూ మెసేజీలు పెట్టడం మొదలెట్టారు. 'మనవడా' అనేంత చనువొచ్చింది. ఇంట్లో ఆవిడ మాట ఎవరూ చివరిదాకా వినరట. అల్లుడు చివరిదాకా విన్నాడు.

'అది సరే మనవడా, మీ ఆఫీసులో లిఫ్టు బాగా పనిచేస్తుందా?' అని అడిగారు ఓ రోజు.

అల్లుడికి అబద్ధం చెప్పడం రాదు. ఇన్నాళ్ళూ లిఫ్టులు అమ్మలేకపోయింది అందుకే.

'మాకు లిఫ్టు లేదు బామ్మగారూ. ఆఫీసేమో మూడో అంతస్తు. లిఫ్టు కోసం వదిలిన ఖాళీలో చీపుళ్ళు పెట్టుకున్నాం.'

'అదేం చోద్యం?'

'మా మావయ్య. ఎంగిలిచేత్తో కాకిని తోలడు.'

అటువైపు చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. ఈ బేరం కూడా పోయిందనుకున్నాడు అల్లుడు.

'ఇంకా?' అని వచ్చింది చివరికి.

'ఇంకేముంది బామ్మగారూ. అంతస్తు అంతస్తుకీ ఆగి ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తాడు, ఆయాసం ఎవరి కంటా పడకూడదని. నేనూ వెనకే ఆగి చెప్పు పట్టీ సర్దుకుంటున్నట్టు నటిస్తాను. తూలితే పట్టుకోవాలి కదండీ. తిట్టినా కొట్టినా, నాకున్నది ఒక్కడే మావయ్య.'

బామ్మగారు మళ్ళీ మాట్లాడలేదు. ఆ రోజూ, ఆ మర్నాడూ కూడా. అల్లుడు గోడౌన్లో వేసుకోవడానికి పాత చొక్కాలు ఏరి పెట్టుకున్నాడు.

నెలాఖరు రోజు పొద్దున్నే మెసేజీ వచ్చింది. 'ఒకటి పంపించు. డబ్బు కట్టేశాను. అడ్రసు బిగించేవాళ్ళకి చెప్తాను.'

అల్లుడు ఎగిరి గంతేశాడు. బావమరిది నమ్మలేక బ్యాంకుకి ఫోన్ చేశాడు. డబ్బు నిజంగానే వచ్చింది.

"సర్లే. గోడౌన్‌కి వేరే మనిషిని చూసుకుంటా," అన్నాడు మావయ్య.

వారం తిరక్కుండా ఆఫీసు కింద డ్రిల్లింగ్ మోత మొదలైంది. అల్లుడు మెట్లమీంచి పరుగెత్తాడు. బిగించేవాళ్ళు చీపుళ్ళన్నీ బయటపడేసి, ఆ ఖాళీలోకి ఇనప పట్టాలు దించుతున్నారు.

"ఆగండి, ఆగండి! ఇది బామ్మగారి లిఫ్టు. వాళ్ళ మేడకి వెళ్ళాలి!"

"మాకిచ్చిన అడ్రసు ఇదేనండీ," అన్నాడు మేస్త్రీ.

అల్లుడు మేస్త్రీ చేతిలో కాగితం లాక్కుని చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క లిఫ్టు అమ్మితే, అదీ తప్పుడు అడ్రసుకొచ్చింది. మావయ్య చూసేలోగా సర్దేయాలని గబగబా వెనక్కి తిరిగాడు.

మావయ్య చూడనే చూశాడు. మొదటి అంతస్తు మలుపులో, ఎప్పట్లాగే ఫోన్ చూసుకుంటూ ఆగి ఉన్నాడు. అల్లుడి చెయ్యి అలవాటుకొద్దీ చెప్పు మీదికి పోయింది.

ఫోన్లోంచి తలెత్తకుండానే అన్నాడు మావయ్య, "ఇకనించి ఆ పట్టీ సర్దుకోనక్కర్లేదులే, మనవడా!"