దుమ్ములో పందెం

"ఓబన్న ముందుండాడు! తిమ్మప్ప ఎనకే తరుముకొస్తాండాడు!"

మంచె మీద నిలబడి సోమప్ప మైకులో గొంతు చించుకుంటున్నాడు. అరవై ఐదులో వచ్చిన కరువుకు ఎండిపోయిన చెరువులో ఆ రోజు మోటారు సైకిళ్ల పందెం. నిజానికి రెండు బండ్లూ దుమ్ములో కలిసిపోయాక అతనికేమీ కనబడలేదు. జనం కేకల్లో బండ్ల మోత కూడా వినబడడం లేదు. ఆ మాట చెబితే మడకశిర నుంచి బస్సులెక్కి వచ్చినవాళ్లు ఊరుకుంటారా? అందుకే బండ్లను నోటితోనే పరిగెత్తిస్తున్నాడు.

ఎవరో పంచె లాగారు. చూస్తే, మంచె కింద ఓబన్న, తిమ్మప్ప! ఒళ్లంతా దుమ్ము.

సోమప్ప మైకును అరచేత్తో మూశాడు. "ఏమప్పా, ఈడుండారు? బండ్లు యాడ?"

"రెండూ ఇసకలో కూరుకపోయినాయి," అన్నాడు ఓబన్న.

"నా కొంప ముంచినారు గదరా! జనానికేం చెప్పేది?"

"నువ్వు ఆపొద్దన్నా! నా పెండ్లాము వింటాండాది. ముందుండేది నేనే గదా?"

సోమప్పకు నవ్వొచ్చింది. భయం పోయింది. మైకు మీది చెయ్యి తీశాడు.

"ఆఖరి సుట్టు! అదిగో, ఓబన్న..."

ఓబన్న మునికాళ్ల మీద లేచి, ఆత్రంగా దుమ్ములోకి చూస్తున్నాడు. తిమ్మప్ప మళ్లీ పంచె పట్టుకున్నాడు.

"ఇంకొక్క సుట్టు తిప్పన్నా. వాణ్ని అందుకుంటా."