సూర్యలంకలో ఏడు బజ్జీలు

"ఎన్ని తిందో సరిగ్గా చెప్పండి మాస్టారూ."

ఫోన్‌లో అవతలి గొంతు నెమ్మదిగా లెక్కపెట్టింది.

"ఆరు... కాదు, ఏడమ్మా. మిరపకాయ బజ్జీలు."

డాక్టర్ ఖుర్షిదా టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. గుంటూరులో పన్నెండేళ్లుగా పశువైద్యం చేస్తోందామె. చెప్పులు నమిలిన కుక్కల్ని చూసింది, తాళంచెవి మింగిన కుక్కను చూసింది. నాలుగు కిలోల పొమేరియన్ ఏడు మిరపకాయ బజ్జీలు లాగించిందని వినడం మాత్రం ఇదే మొదలు.

"ఎక్కడ తింది?"

"సూర్యలంక బీచ్‌లో. నిన్న మా వాకింగ్ మిత్రులందరం వెళ్లాం. బండి చుట్టూ చేరి అంతా తింటున్నారు. ఆ వాసనకి... పాపం, ఎన్నాళ్లని నోరు కట్టుకుంటుందమ్మా?"

"మధ్యలో ఉల్లిపాయ కూరినవా?"

"ఉల్లిపాయ, పైన నిమ్మరసం. దిట్టంగా పెట్టాడు."

"అయ్యో! ఉల్లిపాయ కుక్కలకు విషంతో సమానమండీ. ఇప్పుడెలా ఉంది?"

"రాత్రి నుంచి తొమ్మిదిసార్లు. ముందు బొడ్డు చుట్టూ మెలిపెడుతుంది. ఆ తర్వాత మంట గొంతులోకి ఎగదన్నుతుంది. మంచినీళ్లు తాగినా నాలుక భగ్గుమంటుంది."

ఖుర్షిదా నివ్వెరపోయింది. నోరులేని జీవి బాధను ఇంత వివరంగా చెప్పగలిగిన మనిషి ఆమెకు ఇంతవరకూ తగల్లేదు. ఎంతైనా లక్ష్మీనరసింహం మాస్టారు!

"ఇప్పుడే వస్తున్నా."

"వద్దు, వద్దమ్మా! ఏం చేయాలో చెప్పు చాలు. రేపు సాయంత్రానికి తగ్గిపోవాలి. దీన్ని ఇలా పెట్టుకుని సభలో వేదిక మీద ఎలా కూర్చోను?"

ఆమె అప్పటికే స్కూటర్ తాళం అందుకుంది.

రేపటి సభ ఆయన కోసమే. నలభై ఏళ్లుగా బయటి తిండి ముట్టని సైన్సు మాస్టారికి పూర్వ విద్యార్థుల సన్మానం. పెళ్లికి వెళ్లినా ఆయన సంచిలో పెరుగన్నం డబ్బా, మంచినీళ్ల సీసా ఉండాల్సిందే. ఆరో తరగతిలో ఖుర్షిదా చేతిలోంచి పుల్లైసు లాక్కున్నది ఆయనే. ఆమె ఏడుపు లంకించుకునేలోపు తన డబ్బాలో సగం పెరుగన్నం పెట్టి, ఆ ఐసు కరిగిన చుక్కను సూక్ష్మదర్శినిలో చూపించిందీ ఆయనే. ఆ చుక్కలో లుకలుకలాడినవి చూసిన రోజే ఆ పిల్ల డాక్టరు కావాలనుకుంది. అలాంటి మనిషి ఇంట్లో కుక్కకు కష్టమొస్తే కాలు నిలుస్తుందా?

బ్రాడీపేటలో తలుపు తీసిన మాస్టారిని చూసి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. కళ్లు లోతుకు పోయాయి. పెదవులు ఎండిపోయాయి. గోడ పట్టుకుని నిలబడ్డారు.

"రాత్రంతా మీరూ నిద్రపోలేదా?"

"ఎక్కడ నిద్రమ్మా..."

"అమ్మగారు లేరా?"

"నిన్న పొన్నూరు వెళ్లింది, చెల్లెలింటికి. పొద్దున్నే వచ్చి, మళ్లీ కూరలకని రైతుబజారుకి..." మాట పూర్తి కాలేదు. "పొయ్యి మీద పాలు!" అంటూ ఆయన లోపలికి పరుగెత్తారు.

పొమేరియన్ జున్ను మంచం కింద కాళ్లు బారజాపి పడుకుని ఉంది. ఖుర్షిదా దాన్ని ఒళ్లోకి తీసుకుంది. చిగుళ్లు గులాబీ రంగులో ఉన్నాయి. పొట్ట మెత్తగా ఉంది. జ్వరం లేదు. జున్ను ఒకసారి ఆవులించి ఆమె గడ్డం నాకింది.

పది నిమిషాలకు మాస్టారు చెమట తుడుచుకుంటూ వచ్చారు.

"అద్భుతం మాస్టారూ! ఏడు బజ్జీలు తిన్న కుక్కలా లేదిది. ఏం చేశారు?"

"మజ్జిగ. రాత్రంతా పలచటి మజ్జిగే."

"కన్నబిడ్డకైనా ఇంత చేసేవాళ్లు ఉండరండీ!"

మాస్టారు తల దించుకున్నారు. పొగడ్త ఆయనకు ఏనాడూ పడదు.

ఖుర్షిదా నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు ఆయన చేతిలో పెట్టింది. "ఒక్కో పొట్లం లీటరు నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా పట్టండి. రెండు రోజులు మెత్తటి పెరుగన్నమే. ఉల్లిపాయ ప్రభావం ఆలస్యంగా బయటపడొచ్చు. మూత్రం ఎర్రగా వస్తే వెంటనే ఫోన్ చేయండి."

"ఎర్రగానా!" ఆయన గుమ్మాన్ని గట్టిగా పట్టుకున్నారు. పొట్లం తిప్పి చూస్తూ, "ఈ నీళ్లలో కాస్త నిమ్మకాయ పిండొచ్చా అమ్మా?" అన్నారు.

"కుక్కకి నిమ్మకాయ ఎందుకండీ?"

"చప్పగా ఉంటాయేమోనని."

ఆమెకు నవ్వొచ్చింది. కుక్క నోటి రుచి గురించి కూడా ఆలోచించే మనిషి!

"మీరే నీరసంగా ఉన్నారు. డాక్టర్ శశిభూషణ్ గారిని ఒకసారి వచ్చి చూడమంటాను."

"వద్దు!" మాస్టారి గొంతు క్లాసులో లాగే ఖంగుమంది. వెంటనే తగ్గించారు. "రేపు నాకు శాలువా కప్పేది అతనేనమ్మా. సభ పనుల్లో తలమునకలై ఉంటాడు. ఇప్పుడు కంగారు పెట్టడమెందుకు?"

తను పడిపోయేలా ఉన్నా ఎదుటివాడి శ్రమ గురించే ఆలోచన! ఖుర్షిదా ఆయన కాళ్లకు దణ్ణం పెట్టి బయటికొచ్చింది.

గేటు దగ్గర మాస్టారి భార్య వెంకాయమ్మ కూరల సంచులతో ఆటో దిగుతోంది. జున్ను లోపలి నుంచి బాణంలా దూసుకొచ్చి ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

"ఏమ్మా ఖుర్షిదా, పొద్దున్నే ఇలా వచ్చావు?"

"జున్నుకి ఇక భయం లేదమ్మగారూ! నిన్న సూర్యలంకలో ఏడు మిరపకాయ బజ్జీలు తింటే, మాస్టారు రాత్రంతా మేలుకుని బతికించారు. అలాంటి మనిషి ఊరు మొత్తం వెతికినా దొరకరండీ!"

వెంకాయమ్మ సంచులు కింద పెట్టింది. కుచ్చిళ్లు లాగుతున్న జున్ను వంక చూసింది. గుమ్మంలో పొట్ట పట్టుకుని నిలబడ్డ భర్త వంక చూసింది.

"జున్ను నిన్నంతా నాతో పొన్నూరులోనే ఉందమ్మా."