బుడ్డోడి పక్కన నడిచిన దేవదూత

అడవి అంచున గడ్డిలో కాపురముండే కౌజుపిట్టకు నలుగురు పిల్లలు. అందులో బుడ్డోడికి పుట్టుకతోనే ఒక కాలు సరిగా లేదు. కుంటుకుంటూ అందరికంటే వెనక వచ్చేవాడు. ఆ వానాకాలం జ్వరమొచ్చి వాడు చనిపోయాడు. తల్లి దిగులుతో మంచం పట్టినట్టే అయిపోయింది.

కథలు చెప్పడంలో దిట్ట అయిన ముళ్లపంది తాత ఆమెను పలకరించడానికి వచ్చాడు.

"బాధపడకమ్మా. దేవదూత వచ్చి వాణ్ణి పైకి తీసుకెళ్లాడు," అన్నాడు.

"నువ్వు చూశావా తాతా?"

"చూడలేదు. మా అమ్మ చెప్పిన కథ ఇది."

"దేవదూతకు రెక్కలుంటాయి కదా. మావాడికి ఇంకా ఎగరడమే రాదు. కుంటుకుంటూ వెనకబడిపోయి ఉంటాడు," అంది తల్లి. అదే ఆమె బెంగ.

ఆ సంగతి తాతకు వాళ్లమ్మ చెప్పలేదు. తనే కల్పించి చెప్పాడు.

"రెక్కలు ముడుచుకుని వాడి పక్కనే నడిచాడమ్మా. వాడెంత మెల్లగా నడిస్తే అంత మెల్లగా."

తల్లి మెడ ఎత్తింది. "మరి దారిలో చెదపుట్ట కనిపిస్తే? చెదపురుగులంటే వాడికి ప్రాణం."

"నువ్వే చెప్పు."

"ఆగి ఉంటాడు. వాడు కడుపునిండా తినేదాకా ఆగి ఉంటాడు."

ఆ సాయంత్రం మిగతా ముగ్గురినీ రెక్కల కింద పొదువుకుని, ఆ కథ తనే చెప్పింది. చెదపుట్ట దగ్గరికొచ్చేసరికి, బుడ్డోడు ఒక్కో పురుగునూ ఎలా తిన్నాడో చెబుతూ చాలాసేపు సాగదీసింది. పిల్లలు నవ్వుతుంటే తనూ నవ్వింది.